మొన విరిగిన నాడె

పొద్దున లేవగానే గోదావరి చేసే మొదటి పని తలుపు తెరిచి దాని కింద నాడె దూర్చడం. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తి పేక దారం వేసే కొయ్య నాడె అది. ఒక కొసన ఇనుప మొన విరిగిపోయింది. చిన్న పడవలా ఉన్న ఆ కొయ్యను కాలి మడమతో ఒక్కసారి నొక్కితే ఎంత గాలికీ తలుపు కదలదు. షోలాపూర్ పొలిమేరలోని ఈ కుంభారి కాలనీలో చెట్లింకా ఎదగలేదు. గాలికి అడ్డు లేదు. చుట్టుపక్కల ఇళ్ల తలుపులు రోజంతా కొట్టుకుంటూనే ఉంటాయి.

ఆమె తలుపుకు బయటివైపు గొళ్లెం లేదు. ఇల్లు చేతికొచ్చిన మొదటి వారమే మిస్త్రీని పిలిచి కోయించేసింది. ఊరికి పోవలసి వస్తే ఎట్లా అని నేను అడిగితే నవ్వింది.

"నా ఇంట్ల దొంగకు ఏం దొరుకుతది? తునికాకు ఉంటది. ఎత్తుకపోయి నాలుగు బీడీలు చుట్టుమను."

తరువాత నాలుగైదు మధ్యాహ్నాలు, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే, ఆ గొళ్లెం సంగతి చెప్పింది.

1987లో గోదావరికి పదకొండేళ్లు. వాళ్లు షోలాపూర్ దాజీ పేటలో ఉండేవారు. తండ్రి రాజారాం, యజమాని లింగయ్య మాలక్ కారఖానాలో నాలుగు పవర్‌లూమ్‌ల మీద టవల్ నేసేవాడు. కారఖానా వెనక వాకిట్లో వరసగా మూడు ఒంటిగది ఖోలీలుండేవి. నడిమిది వీళ్లది. తల్లి యల్లమ్మ గడప దగ్గర కూర్చుని బీడీలు చుట్టేది. ఉండే గది మాలక్‌ది, చేసే పని మాలక్‌ది, నీళ్లు పట్టుకునే నల్లా మాలక్‌ది. ఒకటి పోతే మూడూ పోతాయి. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. నల్లా దగ్గర మాలక్ భార్య సీతాబాయి కనిపిస్తే తల్లి తన బిందె పక్కకు జరిపే తీరు చూసి గోదావరి నేర్చుకుంది.

లింగయ్య చెడ్డవాడు కాదు. రాజారాంది, అతనిదీ ఒకటే తాలూకా. "మా ఊరోడు" అని నలుగురిలో చెప్పుకునేవాడు. అతని ఒక్కగానొక్క కొడుకు వాసుదేవ్ ఒకసారి తప్పి, గోదావరితో పాటు తెలుగు బడిలో ఆరో తరగతిలో కూర్చున్నాడు.

వాసుదేవ్ బలిష్ఠుడేం కాదు. సన్నగా ఉండేవాడు. చెయ్యెత్తడం కూడా తక్కువే. అతనికి గొళ్లెం చాలు. తరగతి వెనక డ్రిల్లు సామాను పెట్టే చిన్న గది ఒకటుండేది. డ్రిల్లులో ఆడించే గొలుసు లేజిమ్‌లు, డంబెల్స్, చిరిగిన చాపలు. గురూజీ లేజిమ్ తెమ్మన్నాడని ఎవరినో ఒకరిని లోపలికి పంపి బయట గొళ్లెం పెట్టేవాడు. మధ్యాహ్నం తిండి సుట్టీ అయిపోయేదాకా తీసేవాడు కాదు. లోపల కిటికీ లేదు. తుప్పు వాసన. తినడానికి తెచ్చుకున్న జొన్న రొట్టె బయట బెంచీ మీద ఉండిపోయేది. బయటికి వచ్చాక ఏడ్చినా, కోపంగా చూసినా అతను ఒకటే అడిగేవాడు: "మా నాయినకు చెప్పాల్నా?"

తరగతిలో సగం మంది తండ్రులు లింగయ్య దగ్గరో, అతని బావమరుదుల దగ్గరో పనిచేసేవారు. కాబట్టి ఎవరికి వారు కళ్లు తుడుచుకుని బెంచీకి వెళ్లేవారు.

గోదావరి పక్కన కూర్చునే సరోజ తండ్రి మాత్రం రైల్వేలో గ్యాంగ్‌మన్. ఏ మాలక్ కిందా లేడు. ఒకరోజు సరోజ లేచి గురూజీకి సంగతంతా చెప్పింది. గురూజీ తరగతి వైపు తిరిగి, ఇంకా ఎవరిని గదిలో పెట్టాడో చెయ్యెత్తమన్నాడు. ఎవరూ ఎత్తలేదు. ఆ వారంలోనే రెండుసార్లు లోపల కూర్చున్న గోదావరి తన చేతిని బెంచీ కింద ఒళ్లో పెట్టుకుని, దాన్నే చూస్తూ ఉండిపోయింది. అబద్ధపు చాడీ చెప్పినందుకు సరోజకు రెండు చేతుల మీదా దెబ్బలు పడ్డాయి. తరువాత నెల రోజులు ఆమె గోదావరితో మాట్లాడలేదు.

గోదావరికి బడి ఇష్టం. ముఖ్యంగా పటం ఇష్టం. గురూజీ కర్ర ఇచ్చి నదులు చూపించమంటే తన పేరున్న నదిని నాసిక్ నుంచి సముద్రం దాకా ఎక్కడా ఆగకుండా చూపించేది. అది తాతల ఊరి దగ్గర్లో నుంచే పోతుందని తండ్రి చెప్పాడు. తను చూడలేదు. దాజీ పేట దాటి ఆమె చూసింది తక్కువ.

బడి అయ్యాక ఇంట్లో ఆమెకు ఒక పని ఉండేది. కారఖానాకు ఆనుకుని ఉన్న నూలు గోదాంలోంచి, నాడెల్లో పెట్టే దారపు కండెలను గంపలో తెచ్చి తండ్రి మగ్గాల దగ్గర పెట్టాలి. గోదాం తలుపు వాకిట్లోకి ఉండేది. గోదాంకూ కారఖానాకూ మధ్య గోడలో పైన ఒక సిమెంటు జాలీ. ఆ ఆషాఢంలో ఒక సాయంత్రం గంప నింపుకుంటుంటే వెనక తలుపు మూసుకుంది. గొళ్లెం పడిన చప్పుడు కూడా మగ్గాల మోతలో వినబడలేదట. నెడితే తెరుచుకోలేదు కాబట్టి తెలిసింది.

అరిచింది. పన్నెండు మగ్గాలు ఆడుతుంటే పదకొండేళ్ల పిల్ల గొంతు ఎంత దూరం పోతుంది? నూలు బస్తాల మీదికెక్కి జాలీలోంచి చూసింది. పదిహేను అడుగుల దూరంలో తండ్రి వీపు కనిపించింది.

మగ్గాల దగ్గర మాట వినబడదు కనుక పనివాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. రెండు చూపుడు వేళ్లు కొక్కేల్లా కలిపి విడదీస్తే దారం తెగిందని. అరచెయ్యి కిందికి నొక్కితే మగ్గం ఆపమని. పొట్ట ముందు పెద్ద సున్నా చుడితే మాలక్ వస్తున్నాడని. కారఖానా వాకిట్లో పెరిగే పిల్లలకు ఈ సైగలు మాటలతో పాటే వస్తాయి. గోదావరి జాలీ కన్నాల్లోంచి రెండు చేతులూ మణికట్ల దాకా బయటికి పెట్టి వేళ్లు కలిపింది, విడదీసింది. దారం తెగింది. దారం తెగింది. ఎన్నిసార్లు చేసిందో లెక్క లేదు.

చివరికి రాజారాం తల తిప్పాడు. చూశాడు. ఆయన చెయ్యి సగం దాకా లేచింది. అప్పుడు కారఖానా గుమ్మం వైపు చూశాడు. అక్కడ కుర్చీలో లింగయ్య పేపరు చదువుతున్నాడు. కుర్చీ చేతి మీద వాసుదేవ్ కూర్చుని కాళ్లు ఊపుతున్నాడు. రాజారాం చెయ్యి దించి మగ్గం వైపు తిరిగాడు.

"నేను చేతులు ఎంటనే లోపలికి తీసుకోలే," అంది గోదావరి. "మల్ల చూస్తడేమో అనుకున్న."

పని పాళీ అయిపోయాక ఏడు గంటలకు ఆయనే వచ్చి గొళ్లెం తీశాడు. "పా ఇంటికి" అన్నాడు. అంతే. ఆయన కూతురి ముఖం చూడలేదు, కూతురు ఆయన ముఖం చూడలేదు.

ఆ రాత్రి యల్లమ్మ తునికాకు కత్తిరిస్తూ, ఆకు మీంచి చూపు తీయకుండా అంది. "ఓర్సుకునుడు కాకుంటే బడి బందువెట్టు బిడ్డా. నా పక్కన కూసొని ఆకు కత్తిరించు. ఇండ్ల ఉన్న పిల్లను ఎవడు ఏమంటడు?"

గోదావరికి భయం పట్టుకున్నది అప్పుడే. లేజిమ్ గది సుట్టీ అయిపోగానే తెరుచుకుంటుంది. గోదాం ఏడింటికి తెరుచుకుంటుంది. తల్లి చెప్పే గడప దగ్గర ఒకసారి కూర్చుంటే లేవడం ఉండదు. పక్క ఖోలీ పిల్లలు ఇద్దరు అట్లా కూర్చున్నవాళ్లే. బడి మానను అంది. అంతకుమించి ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

దారి తల్లే వెతికింది. నూలు పున్నమి దగ్గర పడుతోంది. పద్మశాలీలకు అది పెద్ద పండుగ. షోలాపూర్ వీధుల్లో మార్కండేయుని తేరు కదులుతుంది. ఇంటింటా చేతికి నూలు కట్టుకుంటారు. ఆడపిల్లలు అన్నదమ్ములకు రాఖీలు కడతారు. వాసుదేవ్‌కు తోడబుట్టిన ఆడపిల్ల లేదు. "తాడు గడితే అన్నయితడు. అన్న చెల్లెను ఏడిపిస్తడా?" అంది యల్లమ్మ. రాజారాం కారఖానా నుంచి ఎరుపు, పసుపు నూలు తెచ్చాడు, గట్టిది, మెర్సరైజుడు. గోదావరే కూర్చుని రాఖీ తాడు పేనింది.

సీతాబాయి సంతోషపడింది. హారతి పళ్లెం తనే తెచ్చిచ్చింది. గోదావరికి ఒక జాకెట్టు గుడ్డ పెట్టింది. వాసుదేవ్ చెయ్యి చాచి బుద్ధిగా కూర్చున్నాడు. గోదావరి మూడు ముళ్లు వేసింది.

మర్నాడు బడికి బయలుదేరుతుంటే అతను తన సంచి తెచ్చి ఆమె భుజాన తగిలించాడు.

"అన్న మాట చెల్లె ఇనాలె గద?"

తల్లికి తట్టనిది అతనికి ఒక్క రాత్రిలో తట్టింది. సంచి మొయ్యడం, డబ్బా కడగడం, మరాఠీ హోంవర్కు రాసిపెట్టడం గోదావరి పనులయ్యాయి. గోదాంలో పెట్టి గొళ్లెం వేస్తే ఇంతకుముందు వాకిట్లో ఆడవాళ్లు చూసీ చూడనట్టు తల దించుకునేవారు. ఇప్పుడు నవ్వేవారు. అన్నాచెల్లెళ్లు ఆడుకుంటున్నారు అనేవారు. తప్పుగా ఉన్నది ఆటయింది. యల్లమ్మకు సంగతి అర్థమయ్యేసరికి దసరా వచ్చింది. కానీ కట్టిన తాడు విప్పమని మాలక్ ఇంటికి వెళ్లి ఎవరు అడుగుతారు? వాసుదేవ్ దాన్ని చేతి నుంచి తీయనేలేదు. స్నానాలకు తడిసి, మాసి, నల్లబడింది. తెగలేదు. నూలు మంచిది.

బడిలో మాత్రం ఆ రోజుల్లోనే ఒక మార్పు వచ్చింది. ఒక మధ్యాహ్నం సరోజ కనిపించలేదు. వాసుదేవ్ నల్లా దగ్గర చేతులు కడుగుతున్నాడు. గోదావరి నడుచుకుంటూ వెళ్లి లేజిమ్ గది గొళ్లెం ఎత్తి, లోపలికి కూడా చూడకుండా తిరిగొచ్చి తన బెంచీలో కూర్చుంది. కాసేపటికి సరోజ వచ్చి పక్కన కూర్చుంది. నెల తరువాత మొదటిసారి మాట్లాడింది. "నువ్వేనా?" గోదావరి తల ఊపలేదు. "ఎవరు తీసిన్రో నీకు తెల్వది," అంది. "అడిగితే గట్లనే చెప్పు."

ఆ తరువాత సరోజకు కారఖానా సైగలు నేర్పింది. మిగతావాళ్లకు నేర్పాల్సిన పని లేదు, ఇళ్లల్లోనే వచ్చు. కారఖానాలో ఒక పద్ధతి ఉంది. ఎవరి మగ్గం మీద దారం తెగినా, దగ్గర్లో ఉన్నవాడు వెళ్లి ముడివేస్తాడు. నీ మగ్గమా నా మగ్గమా అని అడగడు. తరగతిలోనూ అదే పద్ధతి నడిచింది. ఎవరైనా కనిపించకపోతే చూసినవాళ్లు రెండు వేళ్లు కలిపి విడదీసేవారు. తలుపుకు దగ్గర్లో ఉన్నవాళ్లు వెళ్లి గొళ్లెం ఎత్తి వచ్చేవారు. మాట లేదు, పరుగు లేదు, కొట్లాట లేదు. వాసుదేవ్ వాళ్ల మధ్యే కూర్చునేవాడు కానీ ఆ వేళ్లను చదవలేకపోయాడు. కారఖానాలో అతను కూర్చునేది తండ్రి కుర్చీ చేతి మీద. మగ్గం దగ్గర ఎప్పుడూ నిలబడలేదు.

ఎవరు తీశారని అడిగాడు. ఒక్కొక్కరినీ విడిగా పట్టుకుని అడిగాడు. తండ్రికి చెప్పాలంటే ఒక పేరు కావాలి. నలభై మందిలో ఒక్క పేరు కూడా దొరకలేదు. దీపావళి నాటికి లేజిమ్ గది అతనికి పనికిరాకుండా పోయింది.

దాని ఫలితం గోదావరి మీద పడింది. బడిలో చేతకానిదంతా వాకిట్లో తీర్చుకున్నాడు. బడిలో తెగిన దారం కట్టేవాళ్లు ఉన్నారు. సాయంత్రమైతే ఆమె ఒక్కతే. జాలీలోంచి చేతులు పెట్టడం ఎప్పుడో మానేసింది. లోపల బస్తాల మీద కూర్చుని ఏడింటి దాకా పాఠాలు మనసులో అప్పజెప్పుకునేది. యల్లమ్మ మళ్లీ ఆకు కత్తెర చూపించింది. ఈసారి గోదావరి మానను అనలేదు. పరీక్షలయ్యాక చూద్దాం అంది.

దీపావళి వెళ్లిన రెండో వారంలో ఒక సాయంత్రం వాసుదేవ్ తన మరాఠీ నోటుబుక్కు ఆమె మీద పడేసి గోదాంలోకి వెళ్లాడు. ఆమె కండెల కోసం వస్తుంది, తలుపు వెనక నుంచి భయపెట్టి, తాను బయటికి దూకి గొళ్లెం పెట్టాలని అతని ఉద్దేశం. కానీ హోంవర్కు పొడుగు. ఆమె గడప దగ్గర కూర్చుని రాస్తూనే ఉంది. ఇంతలో పెంటప్ప అటుగా వచ్చాడు. కారఖానాలో ముసలి పనివాడు. గోదాం తలుపు తెరిచి ఉంటే ఎలుకలు వస్తాయని ఆయనకు పట్టుదల. ఎప్పటిలాగే లోపలికి చూడకుండా తలుపు లాగి గొళ్లెం వేసి వెళ్లిపోయాడు.

గోదావరి రాయడం ముగించి, గంప తీసుకోబోయే ముందు కండెలు ఎన్ని మిగిలాయో చూద్దామని కారఖానాలోకి వెళ్లింది. జాలీలో ఒక చెయ్యి ఊగుతోంది. ఆ చేతికి నల్లబడిన తాడు ఉంది.

చెయ్యి ఊరికే ఊగుతోంది. పైకీ కిందికీ, అటూ ఇటూ. అది ఏ మాటా కాదు. మగ్గాల దగ్గరున్న ఇద్దరు చూసి మాలక్ కొడుకు ఆడుకుంటున్నాడనుకుని నవ్వారు. ఒకాయన తిరిగి చెయ్యి ఊపాడు. లింగయ్య ఆ రోజు ఊళ్లో లేడు, కుర్చీ ఖాళీగా ఉంది.

రాజారాం కూడా తల ఎత్తాడు. ఆ చేతిని చూశాడు. మోసపోలేదు. అది ఆట కాదని ఆయనకు తెలిసిందని గోదావరికి తెలిసింది. ఆయన ఆ ఆషాఢంలో తిప్పుకున్నట్టే ముఖం తిప్పుకుని తెగిన దారం వెతుక్కున్నాడు.

గోదావరి గోదాం తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది. వెంటనే తీయలేదు. తీయవచ్చు, తీయలేదు. ఒక నాడెలో కండె ఖాళీ అయ్యేంత సేపు, రెండు కండెలు ఖాళీ అయ్యేంత సేపు నిలబడింది. తలుపుకు చెవి ఆనిస్తే లోపల ఏడుపు వినబడింది. గొంతు చిన్నది. తన గొంతులాగే ఉంది.

తలుపు సందుకు నోరు పెట్టి అతన్ని పిలిచింది.

"గోదావరీ? తియ్యి. తియ్యవే. మా నాయినకు చెప్త." లోపల నుంచి వాసుదేవ్ గొంతు.

"చెప్పు. ఏడ్చిన అని గూడ చెప్పు."

లోపల అతను ముక్కు ఎగబీల్చాడు.

"నేను నీ చెల్లెను గాదు," అంది. "ఆ తాడు కింది నుంచి ఇయ్యి. అప్పుడు తీస్త."

ముడులు మూడూ నీళ్లకు బిగుసుకుపోయి ఉన్నాయి. పళ్లతో కొరికి విప్పాడట. చాలాసేపు పట్టింది. చివరికి తలుపు కింది సందులోంచి తాడు వచ్చింది, తడిగా. ఆమె దాన్ని తీసుకుని గొళ్లెం ఎత్తింది. అతను ఆమెను చూడకుండా ఇంటివైపు పోయాడు. ఆమె లోపలికి వెళ్లి గంప నింపుకుంది. పని ఆలస్యమైంది కదా.

అప్పుడు సంతోషమనిపించిందా అని అడిగాను. గోదావరి బీడీకి దారం చుట్టడం ఆపలేదు. "ఏం సంతోషం," అంది. "రెండు కండెలంత సేపు నేను గూడ వాసుదేవునే గద."

మర్నాడు పొద్దున చూస్తే గోదాం తలుపు బార్లా తెరిచి ఉంది. కింద మొన విరిగిన నాడె ఒకటి గట్టిగా దిగ్గొట్టి ఉంది. లాగినా రాదు. రాజారాం ఆ సంగతి ఎత్తలేదు, కూతురు అడగలేదు. కానీ మొన విరిగిన నాడెలు ఆ వారంలో ఏ మగ్గం కింద పడి ఉన్నాయో ఆమెకు తెలుసు. పెంటప్ప రోజూ ఎలుకల మాట ఎత్తి గొణిగేవాడు. లింగయ్య వచ్చాక ఇది ఎవరు పెట్టారని కారఖానా అంతా వినబడేలా అడిగాడు. పన్నెండు మగ్గాల దగ్గర ఎవరికీ వినబడలేదు. నాడె అక్కడే ఉండిపోయింది.

వాసుదేవ్ మంచివాడు కాలేదు. తాడేదని తల్లి అడిగితే తెగిపోయిందన్నాడు. ఎనిమిదిలో మళ్లీ తప్పి బడి మానేసేదాకా ఎవరినో ఒకరిని సతాయిస్తూనే ఉన్నాడు. గోదావరి జోలికి మాత్రం రాలేదు, ఆమె పేరు పెట్టి పిలవలేదు. గోదావరి కుటుంబం ఆ వాకిట్లో ఇంకా పదకొండేళ్లు ఉంది. రోజూ అదే నల్లా, అదే బిందె జరపడం. మగ్గాలు తుక్కు కింద అమ్మినప్పుడు గోదావరి అత్తగారింటి నుంచి వచ్చి, ఆ నాడెను సుత్తితో కొట్టి ఊడదీసుకుని పోయింది. అప్పటికి రాజారాం చనిపోయి ఏడాది.

1992లో ఆమె పదో తరగతి పాసయింది. ఇప్పుడు కుంభారిలో ఉంటుంది. రోజుకు ఎనిమిది వందల బీడీలు చుడుతుంది.